‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ ఇన్నేళ్లయినా ఎందుకు పాతబడలేదు?

అమెరికన్ గాయని విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ గురించి మీరు రెండు సంగతులు అడిగారు. 30 ఏళ్లు దాటిన ఒక స్లో సాంగ్ ఇప్పటికీ వినేవాళ్లని ఎందుకు కదిలిస్తోంది, దాని గొప్పతనమంతా చివర్లో వచ్చే ఆ తారస్థాయి స్వరంలోనే ఉందా, అసలు అది ఒట్టి అరుపా అన్నది ఒకటి. స్నేహితురాలి పెళ్లి రిసెప్షన్‌లో దాన్ని పాడాలనుకుంటున్నారు, పాడవచ్చా, సాధన ఎలా చేయాలి అన్నది రెండోది. నేను 26 ఏళ్లుగా స్టేజీ మీద కీబోర్డు వాయిస్తున్నాను. 12 ఏళ్లుగా గాత్రం కూడా నేర్పుతున్నాను. ఈ పాటకు ఎంతమంది పక్కన వాయించానో లెక్క లేదు. ఇది ఎక్కడ కూలిపోతుందో, ఎక్కడ హాలు మొత్తాన్ని కట్టిపడేస్తుందో మాత్రం దగ్గర నుంచి చూశాను.

ముందు మీ అనుమానం సంగతి. గొప్పతనం ఆ పై స్వరంలో లేదు. దాన్ని అందుకోగల గాయనులు నాకు తెలిసినవాళ్లే అరడజను మంది ఉన్నారు. వాళ్లు పాడినప్పుడు చప్పట్లు మోగాయి కానీ, ఎవరి కళ్లూ తడవలేదు. ఆ స్వరం వచ్చేదాకా పాట తనని తాను ఎంతగా బిగబట్టుకుంటుందో, అసలు బలం అక్కడ ఉంది. రాసినావిడా బిగబట్టి రాసింది, పాడినావిడా బిగబట్టి పాడింది. ఇది తెలియకపోతే ఎంత సాధన చేసినా పాట చేతికి చిక్కదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చాలామంది ఇది విట్నీ పాటే అనుకుంటారు. రాసింది, బాణీ కట్టింది, మొదట పాడింది డాలీ పార్టన్. అమెరికాలో కంట్రీ సంగీతంలో, అంటే అక్కడి పల్లెల జానపదం నుంచి పుట్టిన పాటల్లో, పోర్టర్ వాగొనర్ అప్పటికే పెద్ద పేరు. ఆయన నడిపే టీవీ షోలోకి డాలీ 1967లో వచ్చి చేరింది. ఇద్దరూ కలిసి పాడిన పాటలు బాగా ఆడాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకు సొంతంగా ఎదగాలనిపించింది. ఆయనకు ఆమెను వదులుకోవడం ఇష్టం లేదు. ఎన్నిసార్లు మాట్లాడినా మాట తెగలేదు. మాటలతో కాని పని పాటతో అవుతుందేమోనని 1973లో ఆమె ఈ పాట రాసి, మర్నాడు ఆయన ఆఫీసుకే వెళ్లి ఎదురుగా కూర్చుని పాడి వినిపించింది. ఆయన ఏడ్చేశారని, ఈ పాట రికార్డును తననే తయారు చేయనిస్తే వెళ్లనిస్తానన్నారని డాలీ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. 1974లో పాట విడుదలై కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది ఆమె ఆ షో నుంచి బయటికొచ్చింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచమంతా ప్రేమపాటగా పాడుకుంటున్న ఈ పాట ప్రియుడి కోసం పుట్టింది కాదు. చేయి పట్టుకుని పైకి తెచ్చిన మనిషిని వదిలి వెళ్తూ, ఆ మనిషి నొచ్చుకోకుండా ఉండాలని రాసుకున్నది. మామూలు విరహగీతాల్లో ఉండే నిష్ఠూరం, ‘నన్ను ఇలా చేశావు కదా’ అన్న నింద, ‘తిరిగి రా’ అన్న వేడుకోలు ఇందులో ఒక్క ముక్క కూడా లేకపోవడానికి కారణం అదే. నేనిక్కడే ఉంటే నీ దారికి అడ్డమవుతాను కాబట్టి వెళ్తున్నాను, అడుగడుగునా నిన్నే తలుచుకుంటాను, తీపీ చేదూ కలిసిన జ్ఞాపకాలే నా వెంట తీసుకెళ్తాను, ఏడవకు, నీకు కావాల్సింది నేను కాదని మనిద్దరికీ తెలుసు. మొదటి రెండు చరణాల్లో ఉన్నది ఇంతే. ఎందుకు కాదో చెప్పదు. ఎవరి తప్పో చెప్పదు. ఊరు లేదు, పేరు లేదు, రుతువు లేదు, ముఖవర్ణన లేదు.

పాట రాసేవాళ్లకు ఇలా రాయడం చాలా కష్టం. వివరం వేస్తే పాటకు రంగు వస్తుందని మనకి ఆశ. ఈ పాటలో ఆ చోటంతా ఖాళీగా వదిలేయడం వల్ల వినేవాళ్లు తమ మనిషిని తెచ్చి అక్కడ కూర్చోబెట్టుకుంటారు. రిటైరవుతున్న టీచర్ కోసం పిల్లలు ఈ పాట పాడితే నేను వాయించాను. భార్య పోయిన ఏడాదికి ఒకాయన తన ఇంట్లో పదిమంది మధ్య దీన్ని వాయించమని అడిగితే వాయించాను. పెళ్లిళ్లలో సరే, చెప్పక్కర్లేదు. మూడు చోట్లా ఒక్క మాట కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

పల్లవి సంగతి చూడండి. పాట పేరే పల్లవి. దాంట్లో వేరే మాటలే లేవు. కొత్త పోలిక లేదు, చమత్కారం లేదు. పల్లవిలో కవిత్వం చూపించాలని తాపత్రయపడే పాటలు ఎన్నో విన్నాను. ఇంత బోడిగా ఉన్న వాక్యాన్ని నమ్ముకుని పాట మొత్తం దాని మీద నిలబెట్టడానికి ధైర్యం కావాలి.

పాట హక్కుల విషయంలోనూ డాలీ అంతే ధైర్యం చూపింది. అప్పటి పెద్ద రాక్ స్టార్ ఎల్విస్ ప్రెస్లీ దీన్ని పాడాలని ముచ్చటపడ్డారు. అయితే పబ్లిషింగ్ హక్కుల్లో సగం ఇస్తేనే అని ఆయన మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ షరతు పెట్టారు. ఎల్విస్ గొంతులో తన పాట వినాలని ఎంతో ఆశపడ్డ డాలీ, ఆ రాత్రంతా ఏడ్చి కూడా హక్కులు మాత్రం వదులుకోలేదు. 1982లో ఒక సినిమా కోసం తనే మళ్లీ పాడితే మళ్లీ కంట్రీ చార్టులో మొదటి స్థానం వచ్చింది. ఈ మధ్యలో 1975లో లిండా రాన్‌స్టాట్ అనే గాయని కూడా తన ఆల్బమ్‌లో పాడింది. విట్నీ పాటకు దారి ఆ రికార్డింగ్ నుంచే పడింది.

1992లో విట్నీ నటించిన ‘ది బాడీగార్డ్’ సినిమా చివరి పాటగా మొదట వేరే పాత పాట అనుకున్నారు. అది అంతకుముందే ఇంకో సినిమాలో వచ్చేసిందని తెలిసి, హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట సూచించారు. సంగీత నిర్మాత డేవిడ్ ఫోస్టర్ దగ్గర ఉన్నది లిండా పాడిన రికార్డింగ్. అందులో చివరి చరణం లేదు. ఫోస్టర్ ఫోన్ చేసినప్పుడు డాలీ ఆ మాట చెప్పి, మూడో చరణం అందించింది. ఈ ఒక్క ఫోన్ కాల్ జరగకపోయి ఉంటే మనం ఇప్పుడు ఈ పాట గురించి మాట్లాడుకునేవాళ్లం కాదేమో. మొదటి రెండు చరణాలూ ‘నేను’ చుట్టూ తిరుగుతాయి. మూడో చరణంలో ఆమె పూర్తిగా అవతలి మనిషి వైపు తిరుగుతుంది. జీవితం నిన్ను చల్లగా చూడాలి, నువ్వు కలగన్నవన్నీ దక్కాలి, సంతోషం దక్కాలి, అన్నిటికంటే ముందు ప్రేమ దక్కాలి అంటుంది. ఇంకొకరి నుంచి దక్కే ప్రేమ! వదిలి వెళ్తున్నవాళ్లు అలా దీవించి వెళ్లడం దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది. డాలీ తన 1974 రికార్డింగ్‌లో ఈ చరణాన్ని పాడదు, మామూలుగా మాట్లాడినట్టు చెబుతుంది. ఒకసారి తప్పకుండా వినండి.

కాస్ట్‌నర్ పట్టుబట్టిన రెండో విషయం, పాట వాద్యాలు లేకుండా మొదలవ్వాలని. రేడియోలో నడవదని రికార్డు కంపెనీ వైపు నుంచి బెరుకు వ్యక్తమైంది. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. రేడియో తిప్పుతున్న మనిషికి మొదటి 5 సెకన్లలో బీట్ దొరక్కపోతే ఇంకో స్టేషన్‌కి వెళ్లిపోతాడని వాళ్ల లెక్క. ఇక్కడ దాదాపు ముప్పావు నిమిషం పాటు ఒక్క గొంతు తప్ప ఏమీ లేదు.

ఆ ముప్పావు నిమిషంలో ఏం జరుగుతుందో ఒక వాయిద్యకారుడిగా చెబుతాను. తాళం లేదు కాబట్టి వినేవాళ్ల కాలు కదలదు. తర్వాతి మాట ఎప్పుడొస్తుందో అంచనా అందదు. అంచనా అందనప్పుడు మనిషి తెలియకుండానే ముందుకు వంగి వింటాడు. ఊపిరి తీసుకునే చప్పుడు, మాట చివర గొంతు సన్నబడటం, అన్నీ వినపడతాయి. పైగా విట్నీ అక్కడ తన గొంతులో పావు వంతు కూడా వాడదు. ఎంత బలం ఉన్న గొంతో అందరికీ తెలుసు, ఆ బలాన్ని పక్కన పెట్టి, పక్కనున్న మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. ఒంటరిగా వెళ్లిపోతున్న మనిషి పాట ఒంటరి గొంతుతో మొదలవ్వడం అన్నిటికంటే సరైన వాద్యసమ్మేళనం అని నా అభిప్రాయం. ఏమీ వాయించకపోవడం కూడా అరేంజ్‌మెంటే.

నేను దీన్ని కష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్ద ఫంక్షన్‌లో ఒకమ్మాయి ఈ పాట పాడింది. మైక్ ఆగిపోయిందని జనం అనుకుంటారు, మొదటి నుంచీ ఏదైనా వాయించమని నిర్వాహకుడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకుని, కింద పియానో కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి వాయించేవి), మీద స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల ధ్వని, వేశాను. అమ్మాయి శ్రుతిలో, చక్కగా పాడింది. జనం మాట్లాడుకుంటూ భోజనం చేస్తూనే ఉన్నారు. చివరి పల్లవికి నలుగురు తల తిప్పారు, అంతే. మరుసటి ఏడాది అదే అమ్మాయి, ఇంకో వేదిక. ఈసారి నేను కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి వాక్యం అయ్యేసరికి ముందు వరసలు సద్దుమణిగాయి, రెండో వాక్యానికి వెనక ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. గొంతు అదే, మనిషి అదే, పాట అదే. మొదటిసారి ఆ అమ్మాయికి నా వల్ల అన్యాయం జరిగిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

సంగీతం లోపలికి వెళ్తే, పల్లవి కింద తిరిగేవి నాలుగే కార్డులు. ఏ మేజర్, ఎఫ్ షార్ప్ మైనర్, డీ మేజర్, ఈ మేజర్. ఇది 1950ల నాటి అమెరికన్ ప్రేమపాటల్లో వందల సార్లు అరిగిపోయిన వరస. వినేవాళ్ల చెవికి తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు. దారి తెలిసినప్పుడు మనసు దారి మీద ఉండదు, నడిచే మనిషి మీద ఉంటుంది. ఇక్కడ కొత్త కార్డు ఏదైనా వేసి ఉంటే చెవి అటు లాగేది. విట్నీ సంగతులన్నీ, అంటే స్వరాన్ని తిప్పి తిప్పి పాడే మెలికలన్నీ, వేసేది కూడా ఎక్కువగా ‘ఐ’ మీద, ‘యూ’ మీద. అంటే ‘నేను’ మీద, ‘నువ్వు’ మీద. కథ చెప్పే మాటల్ని దాదాపు సాదాగా వదిలేస్తుంది. ఆమె తల్లి సిసీ హ్యూస్టన్ గాస్పెల్ (చర్చి భక్తిపాటల) గాయని, విట్నీ నెవార్క్‌లో చర్చి బృందంలో పాడుతూ పెరిగింది. అక్కడ సంగతి అనేది మాట చాలనప్పుడు మాత్రమే పుట్టేది. ఇప్పటి పోటీల్లో పిల్లలు మొదటి లైన్ నుంచే గమకాలు గుప్పిస్తుంటే నాకు బాధేస్తుంది. చాలకపోవడం అనేదే ఇంకా మొదలవ్వలేదు కదా అక్కడ!

ఇక అందరూ ఎదురుచూసే చోటు. కిర్క్ వేలమ్ శాక్సఫోన్ అయ్యాక మూడో చరణం వస్తుంది. ఆ దీవెన చివర అన్నీ ఆగిపోతాయి. పూర్తిగా. పాట మొదట్లో ఉన్న నిశ్శబ్దమే మళ్లీ ఒక్క క్షణం తిరిగొస్తుంది. డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ పడుతుంది. గొంతు పల్లవిని ఎత్తుకుంటుంది, కానీ ఈసారి ఏ మేజర్ నుంచి బీ మేజర్‌కి, మన లెక్కలో ఆరు శ్రుతి నుంచి ఏడు శ్రుతికి జరిగి. శ్రుతి పెంచడం పాప్ పాటల్లో చాలా పాత చిట్కా, చాలా పాటల్లో అది ఊరికే హుషారు కోసం వేస్తారు. ఇక్కడ అలా లేదు. అప్పటిదాకా ‘ఏడవకు’ అని అవతలివాళ్లని ఓదార్చిన మనిషి, చెప్పాల్సిన దీవెన చెప్పేశాక, ఇంక ఆపుకోలేకపోయిన చోటు అది. మూడు నిమిషాల పైగా బిగబట్టినదంతా ఆ ఒక్క ‘ఐ’లో బయటపడుతుంది. మీరు ‘అరుపా’ అని అడిగింది దాన్నే. మొదటి మూడు నిమిషాలు తీసేసి ఆ ముక్క ఒక్కటే వింటే అరుపే. మొదటి నుంచీ విన్నవాళ్లకు అది కట్ట తెగడం.

ఆ తర్వాత పాట గట్టిగా ముగియకపోవడం కూడా గమనించండి. చివరి వాక్యాలు మెత్తబడి, గొంతు సన్నగా పైకి వెళ్లి కరిగిపోతుంది. వెళ్లిపోయిన మనిషి మలుపు తిరిగి కనపడకుండా పోయినట్టు ఉంటుంది నాకు.

అంకెలు మీరు ఎక్కడైనా చూడొచ్చు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు మొదటి స్థానం, బ్రిటన్‌లో 10 వారాలు, 1994లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ. 2012 ఫిబ్రవరి 11న విట్నీ చనిపోయింది. మర్నాడే గ్రామీ వేడుక. అక్కడ గాయని జెన్నిఫర్ హడ్సన్ ఈ పాటనే పాడింది, ఆర్భాటం లేకుండా, చాలా తగ్గించి. ఆ వారాల్లో పాట మళ్లీ అమెరికా చార్టులోకి వచ్చి 3వ స్థానం దాకా వెళ్లింది. ఎవరో ఎవరికో వీడ్కోలుగా రాసిన పాటతో, విట్నీ దాన్ని పాడిన 20 ఏళ్ల తర్వాత, జనం ఆమెకే వీడ్కోలు చెప్పారు. 2020లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ రికార్డింగ్‌ను భద్రపరచాల్సిన రికార్డింగ్‌ల జాబితాలో చేర్చింది.

డాలీది గొప్పా, విట్నీది గొప్పా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. పాట అర్థం కావాలంటే డాలీ దగ్గరికి వెళ్లాలి. అర్థమైంది ఒంటికి పట్టాలంటే విట్నీ దగ్గరికి వెళ్లాలి. నేర్చుకునేవాళ్లకు మాత్రం నేను మొదట డాలీదే ఇస్తాను, మీకూ అదే చెబుతాను. ఒక వారం పాటు విట్నీ రికార్డింగ్ ముట్టుకోకండి. డాలీ బాణీని ఒక్క సంగతీ లేకుండా, మాట్లాడినట్టు పాడండి. అలా పాడినప్పుడు బోసిగా అనిపించడం మానేసిన రోజున విట్నీది వినండి.

శ్రుతి ఎంచుకోవడంలో చాలామంది పొరపాటు పడతారు. మొదటి చరణం హాయిగా ఉందని శ్రుతి పెట్టుకుంటారు, చివరి పల్లవిలో గొంతు చీలిపోతుంది. మీరు వెనకనుంచి రండి. చివరి పల్లవిలో మీ గొంతు ఇబ్బంది లేకుండా నిలిచే చోటు ఏదో చూసుకుని, అక్కణ్నుంచి రెండు మెట్లు, అంటే రెండు సెమీటోన్లు దించి మొదలుపెట్టండి. విట్నీ శ్రుతిలోనే పాడాలన్న రూలేమీ లేదు. నా శిష్యుల్లో ఎక్కువమంది కిందికి దించే పాడతారు. మొదట్లో గొంతు కాస్త లోతుగా వినపడితే ఇంకా మంచిది.

వాద్యాలు లేని భాగంలో పెద్ద ప్రమాదం శ్రుతి జారడం. తోడు లేనప్పుడు గొంతు సాధారణంగా కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది, పాడేవాళ్లకు తెలియదు. పల్లవి దగ్గర వాద్యాలు రాగానే ఆ తేడా అందరికీ వినపడుతుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో సన్నగా తంబురా పెట్టుకోండి. నాలుగైదు రోజులయ్యాక తీసేసి పాడి, పల్లవి మొదటి స్వరం దగ్గర ఆగి కీబోర్డుతో సరిచూసుకోండి. రోజుకి పదిసార్లు ఇదొక్కటే చేసినా తప్పు లేదు. వేదిక మీద కీబోర్డు వాయించే ఆయన్ని, మీరు మొదలుపెట్టే ముందు ఒక్క స్వరం మెల్లగా ఇమ్మనండి, చాలు.

ఇంకొకటి, తెలుగు నోటికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది. మనం ‘ఐ’ అనగానే వెంటనే ‘ఇ’ మీదికి వెళ్లిపోతాం. ఆ ‘ఇ’ మీద స్వరం సాగదీస్తే గొంతు బిగుసుకుని పీలగా వస్తుంది. సాగదీయాల్సింది ‘ఆ’. నోరు తెరిచి ‘ఆ’ మీదే సంగతులన్నీ నడిపించి, వదిలేసే ముందు చివర్లో మాత్రం ‘ఇ’ తాకండి. ‘లవ్’లోనూ అంతే, పెదవి పన్ను తాకడం ఆఖర్న. ఈ ఒక్కటి సరిచేస్తే పై స్వరం కష్టం సగానికి సగం తగ్గిపోవడం ఎన్నోసార్లు చూశాను.

పెళ్లిలో పాడవచ్చా అంటే, ఇది విడిపోయేవాళ్ల పాట అని మీకు ఎవరో ఒకరు అంటారు. అన్నది నిజమే. కానీ మీరు పాడేది పెళ్లికొడుకు తరఫునో పెళ్లికూతురి తరఫునో కాదు కదా. ఇన్నాళ్లూ మీతో తిరిగిన స్నేహితురాలు కొత్త జీవితంలోకి వెళ్తోంది, మీరు పక్కకి జరిగి దారి ఇస్తూ పాడుతున్నారు. డాలీ, పోర్టర్ ఎదురుగా కూర్చుని పాడిన పాటకు ఇది చాలా దగ్గరి సందర్భం. అందుకే నేను పాడమనే అంటాను. టైం లేదని ఎవరైనా ఒక చరణం తగ్గించమంటే రెండోది తీసేయండి, మూడోది మాత్రం వదలకండి. ఆ చరణం పాడేటప్పుడు జనం వైపు కాకుండా ఆమె వైపు చూసి పాడండి.

డ్రమ్మర్‌తో ముందురోజు తప్పకుండా కూర్చోండి. మూడో చరణం తర్వాత ఆగే చోట ఎన్ని లెక్కపెట్టాలి అని అతను అడుగుతాడు. అంకె చెప్పకండి. మీ భుజాల వైపు చూడమనండి, మీరు ఊపిరి నిండా తీసుకున్నాక కొట్టమనండి.